కుబుసం విడిచే బియర్డెడ్ డ్రాగన్‌కి స్నానం అవసరమా?

డాలస్_నాన్న:
మా అబ్బాయి పట్టుబట్టి బియర్డెడ్ డ్రాగన్ అనే పెంపుడు బల్లిని తెచ్చుకున్నాడు. ఇంకా పిల్లే. తల మీద, వీపు మీద చర్మం తెల్లగా పాలిపోయి పొరలు లేస్తోంది. తిండి తగ్గించింది. నిన్న కళ్లు రెండూ బయటికి ఉబ్బించేసరికి ఇంట్లో అందరికీ టెన్షన్. అమ్మినతను రోజూ గోరువెచ్చటి నీళ్లలో కూర్చోబెట్టమన్నాడు. తెలిసినవాళ్లు అసలు ముట్టుకోవద్దంటున్నారు. ఎవరి మాట వినాలి?

మిడతలమ్మ:
కుబుసం రోజుల్లో కళ్లు ఉబ్బించడం మామూలే అండి. కాసేపటికి తగ్గిపోతే భయం లేదు. స్నానం మాత్రం చేయించండి. మాదానికి రోజు విడిచి రోజు పావుగంట చేయిస్తాను, దాని మోచేతుల లోతు నీళ్లు చాలు. వేళ్ల దగ్గర పొర మెత్తబడి ఊడుతుంది. పైగా చర్మం గుండా ఒంటికి నీరు పడుతుంది.

మెల్‌బోర్న్_మూర్తి:
ఆ చివరి మాటతోనే నాకు పేచీ. కప్ప చర్మం నీటిని పీలుస్తుంది, దీని చర్మం పీల్చదు. కెరాటిన్ పొలుసులు, వాటితో ఉండే కొవ్వు పదార్థాలు ఉన్నదే ఒంట్లో నీరు ఆవిరైపోకుండా ఆపడానికి. తొట్టిలో నోటితో తాగితే తాగినట్టు, లేకపోతే లేదు.

ఇది మధ్య ఆస్ట్రేలియా జీవి. ఎండు పొదలు, రాళ్లు, కంచె గుంజలు. అక్కడ దీనికి తొట్టి ఎవరు పెట్టారు? వాన పడితే తల దించి, నడుము ఎత్తి నిలబడుతుంది. ఒంటి మీది నీళ్లు జారి మూతి దాకా వస్తే నాకుతుంది. కుబుసం వచ్చినప్పుడు కొమ్మకో రాయికో రుద్దుకుంటుంది. మన పెరట్లో తొండ కూడా ఈ అగామిడే కుటుంబమే, దానికెవరు స్నానం చేయిస్తున్నారు?

అసలు పని లోపల జరుగుతుంది. పాత పొర కింద కొత్తది తయారయ్యాక, ఆ రెండింటి మధ్య ద్రవం చేరుతుంది, ఎంజైములు అతుకును కరిగిస్తాయి. రంగు బూడిదగా మారేది అప్పుడే. ఆ పని పూర్తికాకుండా గోటితో లాగారా, కింద పచ్చి చర్మం చిరిగి ఇన్ఫెక్షన్ వస్తుంది. ఇక కొబ్బరినూనె రాసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

డాలస్_నాన్న:
తల మీద పొర పోయింది, కాళ్ల మీద అలాగే ఉంది. పాములా ఒక్కసారే విడవదా?

మిడతలమ్మ:
విడవదండీ. ఇవాళ తల, ఇంకోనాడు కాలు, అలా ముక్కలుముక్కలుగా వస్తుంది. ఎదిగే పిల్లలకు మాటిమాటికీ, పెద్దవాటికి ఏడాదిలో ఏ కొన్నిసార్లో.

మూర్తి గారూ, అడవి సంగతి సరే. మన ఇంట్లో ఉన్నది గాజు ట్యాంకు. చాలామంది అందులో ఒక గరుకు రాయి కూడా పెట్టరు. చలికాలం హీటర్ వేస్తే ఇంట్లో గాలి పొడిబారుతుంది. వేలి చుట్టూ, తోక చివర పాత పొర బిగుసుకుపోయి, పైసారి దాని మీద ఇంకో పొర చేరితే రక్తం ఆడదు. వేలు నల్లబడి రాలిపోతుంది. అడవిలో వేళ్లు పోయినవాటికి లెక్క ఎవరు రాశారు? నీరు ఒంట్లోకి వెళ్లకపోతే పోనీండి, పొర మెత్తబడుతుందా లేదా?

మెల్‌బోర్న్_మూర్తి:
మెత్తబడుతుంది, దాన్ని నేను కాదనలేదు. వేళ్ల మీద ఇరుక్కుంటే నానబెట్టి, మెత్తటి టూత్‌బ్రష్‌తో సుతారంగా రుద్దండి. లాగొద్దు. వేలు వాచినా, నల్లబడినా డాక్టర్ దగ్గరికే.

నా అభ్యంతరం రోజువారీ తంతు మీద. ప్రతిసారీ అదేచోట పొర ఇరుక్కుంటోందంటే ట్యాంకులో ఏదో తేడా ఉంది, స్నానాలు దాన్ని కప్పిపెడతాయి. ఎండ కాచుకునే చోట దాదాపు 40 డిగ్రీల వేడి ఉందా? తేమ 30-40 శాతం మధ్య ఉందా? ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలిచ్చే యూవీబీ బల్బు ఎప్పటిది? అది వెలుగుతూనే ఉంటుంది గానీ అందులో యూవీబీ తగ్గిపోతుంది, రకాన్ని బట్టి ఆర్నెల్లకో ఏడాదికో మార్చాల్సిందే. ఒంటికి నీరు కావాలంటే ఆకుకూరల మీద నీళ్లు చల్లి పెట్టండి.

మిడతలమ్మ:
బల్బు సంగతి నిజమే. స్నానం మాత్రం నేను మానను, మాదానికి నీళ్లలో దిగితే గానీ కడుపు కదలదు.

డాలస్_నాన్న:
వేళ్లకు మాత్రమే చూస్తాను. వంటింటి సింకులో నానబెట్టొచ్చా?

మెల్‌బోర్న్_మూర్తి:
వద్దే వద్దు. వీటి మలంలో సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బాక్టీరియా ఉండొచ్చు. విడిగా ఒక ప్లాస్టిక్ టబ్ పెట్టుకోండి, అబ్బాయి చేత సబ్బుతో చేతులు కడిగించండి. నీళ్లలో రెంటికి వెళ్తే వెంటనే పారబోయండి, లేకపోతే ఆ నీళ్లే తాగుతుంది.