ప్లేనోలో రెస్టారెంటు ప్యాటియోకి కుక్కను తీసుకెళ్లొచ్చా?

ప్రశ్న, టెక్సస్‌లోని ప్లేనో నుంచి:

అందరికీ నమస్కారం. మేము ఇండియా నుంచి ఇక్కడికి వచ్చి కొద్ది నెలలే అయింది. ఈ మధ్యే దిక్కులేని జంతువుల్ని ఉంచే షెల్టర్ నుంచి ఒక లాబ్రడార్ మిక్స్ కుక్కను తెచ్చుకున్నాం. పేరు బబ్లూ. వాడిని అపార్ట్‌మెంట్‌లో ఒక్కడినే వదిలేసి బయట తినడానికి వెళ్లాలంటే మనసొప్పడం లేదు. ఇక్కడ రెస్టారెంట్ల బయట టేబుళ్ల దగ్గర, అదే ప్యాటియోలో, చాలామంది కుక్కల్ని పక్కన పెట్టుకుని కూర్చుంటున్నారు. మేమూ అలా తీసుకెళ్లొచ్చా? సిటీ నుంచి పర్మిషన్ ఏమైనా తీసుకోవాలా? ఆన్‌లైన్‌లో సర్వీస్ డాగ్ సర్టిఫికెట్ కొనుక్కుంటే లోపలికి కూడా రానిస్తారని ఆఫీసులో ఒకరు చెప్పారు. అది నిజమేనా? ఇంకో సంగతి, వచ్చే నెలలో అత్తయ్య, మామయ్య వస్తున్నారు. అత్తయ్యకు కుక్కలంటే చాలా భయం. అందరం కలిసి ఎక్కడికైనా వెళ్లడం కుదురుతుందా? దయచేసి చెప్పండి.

జవాబు, ఇర్వింగ్ నుంచి:

చెల్లెమ్మా, ముందు ఆ సర్టిఫికెట్ సంగతి తేల్చేద్దాం. కొనకండి. ఈ దేశంలో వికలాంగుల హక్కుల చట్టం, అందరూ ఏడీఏ అంటారు, దాని ప్రకారం సర్వీస్ డాగ్ అంటే ఒక మనిషి వైకల్యానికి సంబంధించిన పని ఏదో చేసిపెట్టడానికి ప్రత్యేకంగా శిక్షణ పొందిన కుక్క. చూపు లేనివారికి దారి చూపేది, మూర్ఛ వచ్చినప్పుడు ఆదుకునేది, అలాంటివి. అలాంటి కుక్కను రెస్టారెంటు లోపలికి రానివ్వాల్సిందే. ఆ కుక్కలకు ప్రభుత్వం ఇచ్చే సర్టిఫికెట్ అంటూ ఏదీ లేదు. రెస్టారెంటు వాళ్లు కాగితాలు చూపించమని అడగకూడదు. వాళ్లు అడగదగ్గవి రెండే ప్రశ్నలు: వైకల్యం వల్ల ఈ కుక్క అవసరమైందా, ఇది ఏ పని చేయడానికి శిక్షణ పొందింది. కాబట్టి ఆ వెబ్‌సైట్లు అమ్మే కార్డుకు, కుక్కకు తొడిగే చొక్కాకు విలువేమీ లేదు. మనసుకు తోడుగా ఉండే కుక్క, అంటే ఎమోషనల్ సపోర్ట్ యానిమల్ అని చెప్పినా, ఏడీఏ కింద అది సర్వీస్ డాగ్ కాదు.

పెంపుడు కుక్కను సర్వీస్ డాగ్ అని చెప్పి లోపలికి తీసుకెళ్లడం టెక్సస్‌లో నేరం. 2023 సెప్టెంబరు నుంచి జరిమానా 1000 డాలర్ల దాకా ఉంది, దాని మీద 30 గంటల కమ్యూనిటీ సర్వీస్. మనలో చాలామంది వీసా మీద ఉన్నవాళ్లం. రేపు గ్రీన్‌కార్డు ఫారంలో ఎప్పుడైనా మీ మీద కేసు పెట్టారా అని అడిగితే ఈ చిన్న కేసు కూడా రాయాల్సి వస్తుంది. ఒక పూట భోజనం కోసం ఆ తలనొప్పి ఎందుకు? అంతకంటే పెద్ద సంగతి ఇంకోటి ఉంది. శిక్షణ లేని కుక్క లోపలికి వెళ్లి అరిచి గొడవ చేస్తే, తర్వాత నిజంగా కుక్క అవసరమైన మనిషి వచ్చినప్పుడు అదే మేనేజరు అనుమానంగా చూస్తాడు. చూపు లేనివారి దారికి మనం అడ్డం పడకూడదు.

ఇక ప్యాటియో. మీరు సిటీ దగ్గరికి వెళ్లి ఏ పర్మిషనూ తీసుకోనక్కర్లేదు. 2019లో టెక్సస్ దీనికి ఒక చట్టం చేసింది, ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉంది. అంతకుముందు సిటీకో పద్ధతి ఉండేది. ఇప్పుడు రాష్ట్రమంతటా ఒకే షరతులు. వాటికంటే కఠినమైనవి సిటీలు పెట్టకూడదు. కుక్కల్ని రానిస్తామని రెస్టారెంటు వాళ్లు అందరికీ కనిపించేలా బోర్డు పెట్టాలి. బయటి నుంచి నేరుగా ప్యాటియోలోకి దారి ఉండాలి, కుక్క లోపలి హాల్లోంచి నడిచి రాకూడదు. కుక్కకు లీష్, అంటే మెడ పట్టీకి తగిలించే తాడు, ఉండాలి. కుక్క మీ అదుపులో ఉండాలి. కుర్చీ మీద, టేబుల్ మీద, కౌంటర్ మీద ఎక్కకూడదు. ఆ ప్యాటియోలో వంట చేయకూడదు, కస్టమర్లకు వడ్డించే తిండి తప్ప వేరే తిండి తెరిచి పెట్టకూడదు.

కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే, అందుకే నొక్కి చెబుతున్నాను. ఈ చట్టం రెస్టారెంటుకు ఒక వీలు ఇచ్చింది, మనకు హక్కు ఇవ్వలేదు. రానివ్వాలా వద్దా అన్నది పూర్తిగా యజమాని ఇష్టం. పక్క రెస్టారెంటులో రానిచ్చారు, మీరెందుకు ఆపుతున్నారు అని వాదించడానికి లేదు. నిన్న సరేనన్న చోటే ఇవాళ జనం ఎక్కువగా ఉన్నారని వద్దనొచ్చు. బయలుదేరే ముందు ఫోన్ చేసి అడగండి. ఉత్తినే కుక్కల్ని రానిస్తారా అని కాకుండా, ‘ప్యాటియోకి బయటి నుంచి గేటు ఉందా, ఈ పూట కుక్కతో వస్తే టేబుల్ దొరుకుతుందా’ అని అడగండి. గేటు ఉన్నా కొన్నిచోట్ల లోపలి నుంచి గడియ వేసి ఉంచుతారు. అప్పుడు ఇద్దరిలో ఒకరు లోపలికి వెళ్లి హోస్ట్‌కు, అంటే వచ్చినవాళ్లకు టేబుల్ చూపించే మనిషికి, చెప్పి గేటు తీయించాలి, రెండోవాళ్లు కుక్కతో బయటే నిలబడాలి. ఒక్కరే వెళ్తే ఇది ఇబ్బంది.

టేబుల్ దగ్గర ఎలా కూర్చోవాలో కూడా చెబుతాను, ఎందుకంటే నిజమైన ప్రమాదాలు జరిగేది అక్కడే. ప్యాటియో టేబుళ్లు చాలావరకు తేలికపాటి అల్యూమినియంవి. లీష్‌ను టేబుల్ కాలికి కట్టి హాయిగా మెనూ చూస్తుంటారు. ఎదురుగా ఇంకో కుక్క కనిపిస్తుంది, లాబ్రడార్ ఒక్క ఉదుటున లేస్తుంది, టేబుల్ దాని వెనకే ఈడ్చుకుపోతుంది, నీళ్ల గ్లాసులు పగులుతాయి. ఆ చప్పుడుకు కుక్క ఇంకా బెదిరి ఇంకా లాగుతుంది. టేబుల్‌కు కట్టొద్దు. లీష్ చివర చెయ్యి దూర్చే పిడిని మీ కుర్చీ సీటు కింద నుంచి తెచ్చి మణికట్టుకు తగిలించుకోండి, లేదా తొడ కింద వేసుకుని దాని మీద కూర్చోండి. బటన్ నొక్కితే సాగే లీష్ అసలు తీసుకెళ్లొద్దు. ఆ సన్నటి తాడు నేల మీద కనిపించదు. రెండు చేతుల్లో పొగలు కక్కే పళ్లేలు పట్టుకుని వచ్చే సర్వర్ దానికి తట్టుకుంటే ఎవరి ఒళ్లు కాలుతుందో ఆలోచించండి. ఆరడుగుల మామూలు లీష్ చాలు. సర్వర్లు తిరిగే దారి వైపు కాకుండా గోడ వైపో, మూల వైపో టేబుల్ అడగండి, కుక్కను గోడకూ మీకూ మధ్య పడుకోబెట్టండి.

మన రెస్టారెంట్లలో ప్యాటియో ఉన్నచోటుకి వెళ్తే కింద పడ్డవి ఒక కంట కనిపెట్టండి. ఉడికిన కోడి ఎముక పుల్లల్లా విరిగి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటుంది. ఉల్లి, వెల్లుల్లి కుక్కలకు విషం, మన కూరల్లో అవి లేనిది ఏది? ముద్దుగా చూస్తోంది కదా అని ఎవరూ ముక్క వేయకుండా పిల్లలకు ముందే చెప్పండి.

ఎండాకాలం సంగతి వేరే చెప్పాలా? మధ్యాహ్నం సిమెంటు నేల మీద మీ అరచేయి వెనక వైపు ఆనించి చూడండి. మీరు ఓర్చుకోలేకపోతే బబ్లూ పాదాలూ ఓర్చుకోలేవు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పొద్దున టిఫిన్ వేళకో, బాగా పొద్దుపోయాకో వెళ్లండి. వాడిని కారులో ఉంచి మీరు లోపల తినడం మాత్రం ఒక్క నిమిషం కూడా వద్దు.

జవాబు, ఫ్రీమాంట్ నుంచి:

పైన అన్నీ బాగా చెప్పారు. మీరు ఎప్పుడైనా కాలిఫోర్నియా వస్తే ఇక్కడి తేడాలు చెబుతాను. ఇక్కడ 2015 జనవరి 1 నుంచి చట్టం ఉంది. షరతులు చాలావరకు టెక్సస్ లాంటివే: బయటి దారి, లీష్ లేదా మోసుకెళ్లే బుట్ట, కుర్చీలు బెంచీలు ఎక్కకూడదు. ఇంకొన్ని ఎక్కువ ఉన్నాయి. కుక్కకు నీళ్లు గానీ తిండి గానీ ఒకసారి వాడి పారేసే గిన్నెలోనే ఇవ్వాలి. మనుషుల పళ్లెంలో కుక్కకు పెడితే రెస్టారెంటు వాళ్లు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. సర్వర్లు డ్యూటీలో కుక్కను ముట్టుకోకూడదు, ముట్టుకుంటే చేతులు కడుక్కోవాలి. అందుకే నిమురుతారేమోనని కుక్కను వాళ్ల వైపు తోయకండి. పెద్ద తేడా ఏమిటంటే, టెక్సస్‌లోలా కాకుండా ఇక్కడ సిటీ కావాలనుకుంటే ఆర్డినెన్స్, అంటే స్థానిక చట్టం, చేసి కుక్కల్ని పూర్తిగా వద్దనవచ్చు. ఒక సిటీలో కుదిరింది పక్క సిటీలో కుదరకపోవచ్చు.

ఫార్మర్స్ మార్కెట్‌కు కూడా తీసుకెళ్లొచ్చు అనుకుంటారు చాలామంది. ఇక్కడ తిండి నిల్వ చేసే, అమ్మే చోటుకు జంతువులు 20 అడుగుల దూరంలో ఉండాలన్నది రాష్ట్ర నియమం. సర్వీస్ డాగ్‌లకు మినహాయింపు ఉంది. కూరగాయల బల్ల పక్కనుంచి బబ్లూ మూతి పెట్టడం కుదరదన్నమాట.

ఫ్లోరిడాలో మళ్లీ వేరు. అక్కడ 2006 నాటి చట్టం ప్రకారం ముందు స్థానిక ప్రభుత్వం ఆర్డినెన్స్ చేయాలి, తర్వాత రెస్టారెంటు పర్మిట్ తీసుకోవాలి. న్యూయార్క్‌లో 2015లో అనుమతించారు. అన్ని రాష్ట్రాల సంగతీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. కుక్కతో రోడ్ ట్రిప్ వెళ్లేటప్పుడు ఆ కౌంటీ (మన జిల్లా లాంటిది) హెల్త్ డిపార్ట్‌మెంట్ పేజీ ఒకసారి చూసుకోండి. కేంద్ర ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ వాళ్ల ఫుడ్ కోడ్, అంటే ఆహార భద్రత నియమాల పుస్తకం, 2022 ప్రతిలో ప్యాటియోల్లో కుక్కలకు వీలు కల్పించారు గానీ, అది రాష్ట్రాలకు నమూనా మాత్రమే. రాష్ట్రం దాన్ని తీసుకుని అమలు చేస్తేనే లెక్క.

జవాబు, ఫ్రిస్కో నుంచి:

అమ్మా, మీ అత్తయ్యగారి గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను రాస్తున్నాను. నాకూ కుక్కలంటే భయం. చిన్నప్పుడు వీధికుక్క కరిచి బొడ్డు చుట్టూ ఇంజెక్షన్లు వేయించుకున్న తరం మాది. అక్కడి వీధికుక్క వేరు, ఇక్కడి పెంపుడు కుక్క వేరు అని మా పిల్లలు ఎంత చెప్పినా, కాళ్ల దగ్గర తడి ముక్కు తగిలితే ఒళ్లు జలదరిస్తుంది. ‘మా వాడు ఏమీ చేయడు’ అనే మాట భయపడే మనిషికి ఏ ధైర్యమూ ఇవ్వదు. కుక్కను దగ్గరికి లాక్కోవడమే ధైర్యం ఇస్తుంది.

నా సలహా ఏమిటంటే, ఆవిడ వచ్చిన మొదటి రోజుల్లో ప్యాటియోకి బబ్లూను తీసుకెళ్లకండి. ఆవిడ ప్రయాణం చేసి అలిసిపోయి వస్తారు, ఇంట్లోనే కుక్కకు అలవాటు పడాలి. అది చాలు. తర్వాత ఆవిడే సరే అంటే, పెద్ద టేబుల్ తీసుకుని ఆవిడను ఈ చివర, బబ్లూను ఆ చివర ఉంచండి. మధ్యలో మీరు కూర్చోండి. కుక్క టేబుల్ కింద దూరకుండా చూడండి, మాలాంటి వాళ్లకు కనబడని కుక్క కనబడే కుక్క కంటే ఎక్కువ టెన్షన్. అలాగే పక్క టేబుల్ వాళ్లు కుర్చీ జరుపుకున్నా, పిల్లల్ని ఒళ్లోకి తీసుకున్నా మీరే లేచి, ఇంకో టేబుల్‌కు మారమంటారా అని వాళ్లను అడగండి. వాళ్లు నోరు తెరిచి చెప్పేదాకా ఆగొద్దు. మనవాళ్లు మొహమాటానికి చెప్పరు, తినకుండా లేచిపోతారు.

ప్లేనో నుంచి:

అందరికీ చాలా థ్యాంక్స్. సర్టిఫికెట్ ఆలోచన మానేశాం. అత్తయ్య విషయం నేను ఇంత ఆలోచించలేదు, మీరు చెప్పినట్టే చేస్తాం. ఒక్క ప్రశ్న మిగిలింది. బబ్లూ మంచివాడే గానీ, ఒకవేళ ఎవరినైనా గీరినా, కరిచినా ఏమవుతుంది?

జవాబు, ఇర్వింగ్ నుంచి:

అడిగి మంచి పని చేశారు, చెల్లెమ్మా. టెక్సస్‌లో నాలుగు నెలల వయసు వచ్చేసరికి రేబీస్ టీకా వేయించాలన్నది చట్టం. షెల్టర్ వాళ్లు వేసే ఉంటారు, ఆ కాగితం ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి, ట్యాగ్ మెడ పట్టీకి తగిలించండి. టీకా వేసినా సరే, కరిచిందంటే జంతువుల వ్యవహారాలు చూసే స్థానిక ప్రభుత్వ విభాగానికి, అంటే యానిమల్ కంట్రోల్‌కు, చెప్పాలి, కుక్కను 10 రోజులు విడిగా ఉంచి గమనిస్తారు. కాగితాలు సరిగ్గా ఉంటే కొన్నిసార్లు ఇంట్లోనే ఉంచనిస్తారు, లేకపోతే షెల్టర్‌కో పశువైద్యుడి దగ్గరికో తీసుకెళ్తారు.

నష్టపరిహారం సంగతికి వస్తే, కాలిఫోర్నియాలో కుక్క కరిస్తే, అంతకుముందు ఎప్పుడూ కరవకపోయినా, యజమానిదే బాధ్యత. టెక్సస్‌లో మాత్రం దాని స్వభావం మీకు ముందే తెలుసా, మీరు అజాగ్రత్తగా ఉన్నారా అని చూస్తారు. లీష్ వదిలేసి ఫోన్ చూసుకుంటుంటే అది అజాగ్రత్తే అంటారు. ఇక్కడ ఆస్పత్రి బిల్లులు ఎలా ఉంటాయో ఇప్పటికే విని ఉంటారు. అందుకని మీ రెంటర్స్ ఇన్సూరెన్స్, అంటే అద్దెకుండేవాళ్ల బీమా, కాగితం తీసి లయబిలిటీ భాగం, అంటే మీ వల్ల ఇతరులకు జరిగే నష్టం గురించిన భాగం, చదవండి. కొన్ని పాలసీల్లో కుక్క కాటు ఉండదు, కొన్నింట్లో కొన్ని జాతులకు వర్తించదు. బబ్లూ మిక్స్ కాబట్టి షెల్టర్ కాగితంలో ఏ జాతి అని రాశారో చూసి, ఏజెంట్‌కు ఈమెయిల్ పెట్టి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఆ జవాబు వచ్చాకే ప్యాటియో ప్లాన్ వేసుకోండి. మొదటిసారి ఉత్త కాఫీకే వెళ్లండి, వారం మధ్యలో, జనం లేని వేళ. వాడు పావుగంట ప్రశాంతంగా పడుకుంటే చాలు, బిల్లు కట్టేసి వచ్చేయండి.