సమస్య: "అమవసను పయనించిన నఖిల శుభము" (కొత్త అమావాస్య చుక్కల జాగారం కోసం)

నిర్వాహకుడు:
మార్చి 29 శనివారం రాత్రి కోయిలకుంట్ల దగ్గర చేలో మన చుక్కల జట్టు కలుస్తోంది కదా. ఆ రోజు కొత్త అమావాస్య, మర్నాడు ఆదివారం ఉగాది. ఈ 2025లో అమావాస్య సరిగ్గా శనివారమే పడటం మనకు పెద్ద కలిసొచ్చిన సంగతి, కానీ పేర్లు ఇస్తున్నవాళ్ళు చాలామంది ఇంట్లో ఒకటే మాట వింటున్నారు: అమావాస్య పూట, అదీ శనివారం, అదీ పండగ ముందు రాత్రి, ఊరు దాటి చేలోకి పోవడమేంటి అని. దానికి తోడు ఆ రోజే పాక్షిక సూర్యగ్రహణం. మన దేశంలో కనపడదు, అయినా గ్రహణం అన్న మాట చెవిన పడితే చాలు, పెద్దవాళ్ళకి టెన్షన్ మొదలు. అందుకే ఆ మాటనే తిరగేసి సమస్యగా ఇస్తున్నాను. తేటగీతి పాదం:

అమవసను పయనించిన నఖిల శుభము

కొత్తగా రాసేవాళ్ళ కోసం: పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో పొసగాల్సిన చోటు. ఇచ్చిన పాదంలో మొదటి "అ"కి "నఖిల"లో ఉన్న "అ"తో యతి కుదిరింది. పద్యంతో పాటు జాగారానికి పనికొచ్చే మాట ఒకటైనా చెప్పండి, పద్యాల మీద విమర్శ నంద్యాల మాస్టారు చూస్తారు, ఆకాశం సంగతులు నేను చూస్తాను.

హైదరాబాదు సభ్యుడు:
మొదటి పూరణ నాది.

చంద్రకాంతియె మాకొక శత్రువయ్యె
తారలన్ జూడ వచ్చిన ధన్యులకును
కాన చీకటియే మాకు కన్నతల్లి
అమవసను పయనించిన నఖిల శుభము

నంద్యాల మాస్టారు:
ఎత్తుగడ బాగుంది నాయనా. చ-కి శ-తో యతి చెల్లుతుంది, రెండో పాదంలో తా-కి ధ-తో కూడా సరిపోయింది. రెండు సవరణలు మాత్రం చెప్తాను. "మాకొక" అని మొదటి పాదంలో అన్నాక మూడో పాదంలో మళ్ళీ "మాకు" ఎందుకు? "కాన చీకటియే నేఁడు" అంటే ఆ రాత్రికే సంబంధించిన మాట అవుతుంది. ఇక "తల్లి" తర్వాత కొత్త పాదాన్ని "అ"తో మొదలుపెడితే విసంధి, అంటే కలవాల్సిన చోట సంధి కలవకపోవడం, యడాగమం రావాలి. ఇలా రాసుకో:

కాన చీకటియే నేఁడు కన్నతల్లి
యమవసను పయనించిన నఖిల శుభము

యకారం వచ్చినా లోపల అచ్చు అలాగే ఉంది కాబట్టి యతికి ఢోకా లేదు.

నిర్వాహకుడు:
శత్రువు అన్నది పెద్ద మాటేం కాదు. పున్నమి రోజు గెలాక్సీలు, నీహారికలు వెతకాలంటే వెన్నెల ఆకాశాన్నంతా తెల్లగా చేసేస్తుంది, చంద్రుడు, గ్రహాలు, కాసిని పెద్ద చుక్కలు తప్ప ఏమీ మిగలవు. హైదరాబాదులో అయితే అమావాస్య రోజు కూడా వీధి దీపాల వల్ల అదే పరిస్థితి. అందుకే మనకు రెండూ కావాలి, చంద్రుడు లేని రాత్రీ, దీపాలు లేని ఊరూ. ఒక్కటి ఉండి రెండోది లేకపోతే అంత దూరం వెళ్ళి ప్రయోజనం లేదు.

కడప అక్కయ్య:

నూట పది మబ్బు చుక్కల నొక్క రాత్రి
వెదకి పట్టెడు వేడుక వేళ యిదియె
చందురుని జాడ లేనట్టి చైత్రవేళ
నమవసను పయనించిన నఖిల శుభము

పనికొచ్చే మాట: వచ్చేవాళ్ళు మెస్సియే జాబితాను, అదే ఈ నూట పది మబ్బు చుక్కల పట్టికను, వెతకాల్సిన క్రమంలో కాగితం మీద పెద్ద అక్షరాలతో ముద్రించుకు రండి. ఫోనులో చూసుకుంటాం అంటే స్క్రీను వెలుగు పక్కవాళ్ళ కళ్ళల్లో కొడుతుంది.

నంద్యాల మాస్టారు:
"మబ్బు చుక్కలు" అన్న మాటకే మార్కులన్నీ ఇచ్చేయొచ్చు తల్లీ. దుర్భిణిలో అవి కనిపించేది అలాగే కదా, చుక్కలా ఉంటూనే అంచులు మసకేసి. నూ-కి నొ-తో యతి సరే. తప్పు ఉన్నదల్లా మూడో పాదంలో. కొత్త అమావాస్య చైత్రంలోది కాదు, ఫాల్గుణ బహుళ అమావాస్య. మన లెక్కలో నెల అమావాస్యతో ముగుస్తుంది, చైత్రం మర్నాడు పాడ్యమితో మొదలవుతుంది. పైగా రెండు, మూడు పాదాల్లో "వేళ" రెండుసార్లు పడింది. ఇది చూడు:

పాలవెన్నెల లేనట్టి ఫాల్గుణాన
నమవసను పయనించిన నఖిల శుభము

కడప అక్కయ్య:
చాలా బాగుంది మాస్టారూ, ఇదే ఉంచుకుంటాను.

నిర్వాహకుడు:
అక్కయ్య పద్యం చూసి ఇద్దరు కొత్తవాళ్ళు నూట పది ఏంటని అడిగారు, అందుకే కాస్త వివరంగా చెప్తున్నా. చార్లెస్ మెస్సియే అని 18వ శతాబ్దపు ఫ్రెంచి ఖగోళవేత్త. ఆయన ధ్యాసంతా తోకచుక్కల మీదే. తోకచుక్కల్లాగా మసకగా కనిపిస్తూ కదలకుండా ఉండేవి కొన్ని ఆయన్ని మాటిమాటికీ తికమక పెట్టేవి, 1758లో వృషభరాశిలో అలాంటిదొకటి కంటపడింది, ఇవాళ మనం క్రాబ్ నెబ్యులా అంటున్నది అదే, జాబితాలో ఒకటో నంబరు. అలా పక్కన పెట్టిన వాటి జాబితాకి తర్వాతివాళ్ళు చేర్చినవి కూడా కలిపి ఇప్పుడు 110 లెక్క. మార్చి సగం నుంచి ఏప్రిల్ మొదటి రోజుల దాకా అమావాస్య దగ్గర్లో, సూర్యుడు ఉన్న వైపు ఈ జాబితాలోవి దాదాపు ఏమీ ఉండవు, కాబట్టి సందె చీకటి నుంచి వేకువ దాకా మేలుకుంటే అన్నీ వరసగా కనిపిస్తాయి. దీన్నే మెస్సియే మారథాన్ అంటారు. ఉగాది ఎప్పుడూ అమావాస్య మర్నాడే కాబట్టి మన కొత్త అమావాస్య చాలా ఏళ్ళు ఈ రోజుల్లోనే వచ్చి పడుతుంది. ఇంత చక్కగా కుదిరిన పండగని చుక్కలు చూసేవాళ్ళు వదులుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

కానీ పద్యంలో ఉన్న నూట పదీ మన చేలోంచి దొరుకుతాయని ఎవరూ ఆశ పెట్టుకోవద్దు. మార్చి ఆఖరు, మన అక్షాంశం పదిహేను డిగ్రీలు. ఎం 74 (ఎం అంటే మెస్సియే, పక్కది జాబితాలో నంబరు), ఆండ్రోమెడా గెలాక్సీ పక్కనుండే ఎం 110 పడమట సందె వెలుగులోనే దిగిపోతాయి. వాటి కోసం అరగంట తంటాలు పడితే ఆ వెనకాల ఉన్న ఎం 77 కూడా చేజారుతుంది. అందరినీ ఏడిపించే ఎం 30 మాత్రం మనకు సులువు, తెల్లవారుజామున తూర్పున బాగానే పైకి వస్తుంది. వంద దాటితే చాలా గొప్ప.

ప్రొద్దుటూరు సభ్యుడు:
మా నాయనమ్మ అన్న మాటలనే పద్యంలో పెట్టాను. సమస్యను ఒప్పుకోకుండానే పూరించాను, చెల్లుతుందో లేదో మాస్టారు చెప్పాలి.

పెద్దలాడిన మాటను బెడచెవినిడి
కారు నడుపుచు రాతిరి కదలిపోకు
తొందరపడకు నాయనా, తొలగిపోవు
నమవసను పయనించిన నఖిల శుభము

నంద్యాల మాస్టారు:
చెల్లడమేంటయ్యా, ఇప్పటిదాకా వచ్చినవాటిలో అసలైన పూరణ ఇది! క్రియను మూడో పాదం చివర "తొలగిపోవు" అని పెట్టేసరికి సమస్య అర్థమంతా తలకిందులైంది. "అఖిల శుభము తొలగిపోవును" అని అన్వయం. సమస్యలో ఒక్క అక్షరం ముట్టుకోకుండా దాని నోటితోనే ఎదురు చెప్పించడం అవధానాల్లో చూస్తాం. గణాలు, యతులు అన్నీ శుద్ధంగా ఉన్నాయి. "నాయనా" అన్న పిలుపు వల్ల ముసలమ్మ గొంతు అచ్చంగా వినపడింది.

నిర్వాహకుడు:
నాయనమ్మ గారి మాటలో రాత్రి కారు నడపొద్దన్నది మాత్రం అక్షరాలా పాటిద్దాం. అందరూ సాయంత్రం ఐదింటికల్లా చేరుకోవాలి, ఆరున్నర లోపే పొద్దు గుంకుతుంది. చీకటి పడ్డాక హెడ్‌లైట్లు వేసుకుని వచ్చే బండిని రోడ్డు మీదే ఆపించి నడిపించుకొస్తాం, చేలోకి రానివ్వం.

ఎమ్మిగనూరు చెల్లెలు:

ఎర్ర కాగితమును దెచ్చి యెల్ల టార్చి
దీపములఁ గప్పి కార్లలో దివ్వెలార్పి
కనులు చీకటి కలవడఁ గాచుకొనుచు
నమవసను పయనించిన నఖిల శుభము

నంద్యాల మాస్టారు:
ఛందస్సు శుద్ధంగా ఉందమ్మా. భావంలో చిన్న చిక్కు. కళ్ళు అలవాటు పడేదాకా కాచుకుని కూర్చున్నవాళ్ళు పయనం ఎక్కడికి చేస్తున్నట్టు? కూర్చోవడం, కదలడం ఒకే వాక్యంలో ఢీకొన్నాయి. మూడో పాదం చివర ఒక్క మాట మారిస్తే పయనానికి చోటు దొరుకుతుంది:

కనులు చీకటి కలవడఁ గగనమందు
నమవసను పయనించిన నఖిల శుభము

ఇప్పుడు ప్రయాణం కళ్ళది, అదీ ఆకాశంలో. యతి క-గ.

నిర్వాహకుడు:
ఈ సవరణ నాకు భలే నచ్చింది. రెండో పాదంలో "కార్లలో దివ్వెలార్పి" అన్న మాటను అందరూ గుర్తుపెట్టుకోండి. హెడ్‌లైట్ల గురించి ఎవరైనా జాగ్రత్త పడతారు, డోరు తీయగానే లోపల వెలిగే చిన్న బల్బే అసలు సమస్య. దుప్పటి కోసం ఒకరు డోరు తీస్తారు, పదిమంది కళ్ళు పోతాయి. చీకటికి కళ్ళు పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది, తెల్ల వెలుగు ఒక్క క్షణం పడితే మళ్ళీ మొదటికి. మసక వెలుగులో చూడటానికి పనికొచ్చే కణాలకు ఎర్ర కాంతి అంతగా సోకదు, అందుకే ఎర్ర కాగితం. ఒక్క పొర చాలదు, రెండు మూడు మడతలు వేసి రబ్బరు బ్యాండు చుట్టండి. కారు లోపలి దీపాన్ని సాయంత్రమే స్విచ్చి దగ్గర ఆపేయండి, స్విచ్చి దొరక్కపోతే నల్ల టేపు అంటించండి.

తాడిపత్రి తమ్ముడు:
నేను పద్యం రాయడం ఇదే మొదలు, చుక్కల జాగారానికి రావడమూ ఇదే మొదలు. దయచేసి ఉన్నదున్నట్టు చెప్పండి.

బొంతలును పులిహోరయుఁ గట్టుకొనుచు
చెట్టు తోపుల నడుమను జేరి మనము
తెల్లవారి యుగాదికిఁ దిరిగి రాఁగ
నమవసను పయనించిన నఖిల శుభము

నంద్యాల మాస్టారు:
మొదటి పద్యానికే గణాలన్నీ కుదిరాయి తమ్ముడూ, సంతోషం. మొదటి పాదంలో యతి తప్పింది. "బొం"కి నాలుగో గణంలో "గ" వచ్చింది, అక్కడ పవర్గంలో అక్షరం, దాని మీద ఉ, ఊ, ఒ, ఓ ల్లో ఒక అచ్చు ఉండాలి. "పొట్లముల పులిహోరయు బొంతఁ గొనుచు" అంటే పొ-కి బొ-తో సరిపోతుంది, నీ సరుకూ ఎక్కడికీ పోదు.

నిర్వాహకుడు:
మిగతా రెండు పాదాల గురించి నేను చెప్పాలి. తోపులో చేరితే కుదరదు తమ్ముడూ. సాయంత్రం పడమట నేలబారుగా, వేకువన తూర్పున నేలబారుగా వెతకాలి, చెట్లుంటే మనకు కావలసినవి కొమ్మల వెనకే వచ్చి పోతాయి. మనం ఎంచుకున్నది పప్పుశనగ తీసేసిన నల్లరేగడి చేను, నాలుగు దిక్కులా ఎక్కడా అడ్డం లేదు. ఇబ్బందల్లా మార్చి ఎండలకు నేల నెర్రెలు బారి ఉండటమే. మొన్న చోటు చూడ్డానికి వెళ్ళినప్పుడు ట్రైపాడ్ కాలు ఒకటి జానెడు నెర్రెలోకి దిగబడి గొట్టం పక్కకు వాలింది, పట్టుకోకపోతే అద్దం సంగతి చెప్పక్కర్లేదు. అందుకని ప్రతి ట్రైపాడ్‌కీ మూడు చిన్న నాపబండలు పరుద్దాం, ఆ చుట్టుపక్కల వాటికి కరువు లేదు. నెర్రెల్లో తేళ్ళు ఉంటాయి, అందరూ బూట్లు వేసుకునే రండి.

మూడో పాదానికి మాత్రం నేను గట్టిగానే అడ్డు చెప్తున్నా. రాత్రంతా మేలుకుని ఉగాది పచ్చడి వేళకి ఇల్లు చేరాలని తెల్లారగానే స్టీరింగు పట్టుకోవడం ఎవరికీ వద్దు. కునుకు తీయకుండా బండి తాళం ఎవరి చేతికీ ఇవ్వం. పండగ చేలోనే చేసుకుందాం. గట్టు మీద వేపచెట్టు పూత మీదుంది, కొత్త చింతపండు, బెల్లం కడప అక్కయ్య తెస్తానన్నారు, మామిడికాయలు చేను గలాయన ఇస్తానన్నాడు. ఇంట్లోవాళ్ళు కూడా ఆదివారం పొద్దున్నే అక్కడికి వచ్చేస్తే మరీ మంచిది.

నంద్యాల మాస్టారు:
అయితే పద్యం కూడా అక్కడికే తీసుకొద్దాం:

పొట్లముల పులిహోరయు బొంతఁ గొనుచు
నల్లరేగడి నేలపై నలుగురుండి
చేనిలోనె యుగాదియుఁ జేసికొనఁగ
నమవసను పయనించిన నఖిల శుభము

తాడిపత్రి తమ్ముడు:
మాస్టారూ, ఇది మా అమ్మకి చదివి వినిపించాను. నాన్నని కూడా తీసుకుని ఆదివారం పొద్దున వస్తానంది.

డాలస్ అన్న:
రాలేనివాడి పూరణ.

ఇచటి మింటను గనరాని వెంత చూడ
దక్షిణపు చుక్కలట మీకు దర్శనమిడు
వేగ వచ్చెద మీ చెంత విందు గుడువ
నమవసను పయనించిన నఖిల శుభము

నంద్యాల మాస్టారు:
"కనరానివి + ఎంత" సంధిలో ఇ-కి ఎ-తో యతి కలిపావు, బాగుంది. మొదటి రెండు పాదాల అన్వయం మాత్రం ఒక క్షణం ఆగి వెతుక్కోవాలి, "ఇచట గనరాని దక్షిణపు చుక్కలు" అని పాఠకుడికి తట్టేలోపు పాదం మారిపోతోంది. అయినా దోషం కాదు.

నిర్వాహకుడు:
అన్న చెప్పేది త్రిశంకు గురించి, ఇంగ్లీషులో సదరన్ క్రాస్ అనే చుక్కల గుంపు. డాలస్ నుంచి అది దిగంతం దాటి పైకి రాదు. మన చేలో అర్ధరాత్రి వేళ సరిగ్గా దక్షిణాన, కాస్త దిగువగా నిలబడుతుంది. ఆ తర్వాత గంట, గంటన్నరకి ఒమెగా సెంటారీ బాగా పైకొస్తుంది, చీకటి బాగుంటే మామూలు కంటికే మసక చుక్కలా, బైనాక్యులర్లో గుండ్రటి మబ్బులా కనపడే తారాగుచ్ఛం. ఇవేవీ మెస్సియే జాబితాలో లేవు, ఆయన ప్యారిస్ నుంచి చూశాడు, అక్కడికి ఈ దక్షిణపు ఆకాశం అందదు. కాబట్టి ఆ వేళకి మారథాన్‌ను ఒక పావుగంట ఆపి అందరం దక్షిణం వైపు తిరుగుదాం. లెక్కలో రెండు తగ్గినా ఫర్వాలేదు, మన ఊళ్ళ నుంచి కనిపించేదాన్ని వదిలేసి ప్యారిస్ లెక్క ఒక్కటే పూర్తిచేసుకోవడం నాకిష్టం లేదు. అన్నా, మీ పేరు మీద ఒక ఫొటో తీసి పంపిస్తాం.

పూరణలు గురువారం రాత్రి దాకా తీసుకుంటాం. జాగారానికి ఇంకా కావలసినవి: నాపబండలు తేగలిగిన ట్రాలీ ఆటో ఒకటి, తాగునీళ్ళ క్యాన్లు, వేకువ నాలుగింటికి నిద్రపోతున్నవాళ్ళని లేపే బాధ్యత తీసుకునే మనిషి ఒకరు. ఆడవాళ్ళ కోసం చేను గలాయన ఇంట్లో గది, బాత్రూము ఏర్పాటయ్యాయి, చేనుకి ఐదు నిమిషాల నడక. కర్నూలు వైపు నుంచి వచ్చే కార్లలో ఖాళీ సీట్లు ఎన్ని ఉన్నాయో బుధవారం లోపు చెప్పండి.