‘మీను నెఱ మాంస...’ ఆ ‘న’ ఎవరిది?

పర్లాకిమిడి తాత:
సెలవులకు మనవరాలు వచ్చింది. ఏడేళ్ల పిల్ల. మహేంద్రతనయ ఒడ్డున దానికి గేలం వేయడం నేర్పుతున్నాను. ఎర్రని, అదే వానపాముని, గుచ్చితే ముల్లు మొన బయటికి కనబడకూడదు, నీ నీడ నీళ్ల మీద పడకూడదు, బెండు ఒకసారి ఆడిందని లాగెయ్యకు, మునిగి పక్కకి జరిగాక లాగు అని చెబుతూ చెబుతూ వేమన పద్యం ఎత్తుకున్నాను.

నీళ్లలోని మీను నెఱ మాంస మాశించి
గాలమందు చిక్కు కరణి భువిని

ఇక్కడిదాకా వచ్చింది. మూడో పాదం ‘ఆశ’తో మొదలవుతుందని తప్ప ఏమీ తట్టడం లేదు. ఈలోగా పిల్ల, “తాతా, చేపకి ఆశేంటి? ఆకలి కదా!” అంది. పాదం తెలిసినవాళ్లు చెప్పండి. పిల్లకి ఏం చెప్పాలో కూడా చెప్పండి.

గుణుపురం మాస్టారు:
‘ఆశ దగిలి నరుడు నాలాగు చెడిపోవు’. అది సరే గానీ, మీరు ‘నెఱ మాంస’ అని రాశారు. చాలామంది దాన్ని ‘ఎర మాంసం’ అనుకుని చదువుతారు. మీను ప్రథమా విభక్తి, కళ, అంటే అచ్చు ముందు నకారం చేరని మాట. దాని మీద ‘ఎర’ వస్తే ‘మీనెర’ కావాలి. మధ్యలో నకారం ఎక్కడి నుంచి వస్తుంది? కాబట్టి ‘నెఱ’ వేరే మాట. నెఱజాణలో ఉన్న నెఱ. నిండైన మాంసం, మేలైన మాంసం అని.

రాయగడ అమ్మమ్మ:
మాస్టారూ, మేలైన మాంసం గేలానికి ఎవరు గుచ్చుతారండీ? నాగావళి ఒడ్డున పుట్టి పెరిగినదాన్ని. చిన్న చేపలకి ఎర్ర, కొరమీనుకి కప్పపిల్ల, లేదంటే కోడి పేగు. అంతే.

గుణుపురం మాస్టారు:
చేప కంటికి అది మేలైనదే కదమ్మా. ఆశ అంటే అదే.

బరంపురం నుంచి:
మాస్టారు గారి వ్యాకరణం మూడో పాదం దగ్గర నిలవదు. ‘నరుడు నాలాగు’ అన్నాడు కదా. నరుడు కూడా ప్రథమే, కూడా కళే. ‘నరుడాలాగు’ కావాల్సింది. అక్కడ నకారాన్ని ఒప్పుకుని ఇక్కడ ఒప్పుకోకపోతే ఎలా? వేమన నోట ఈ ‘న’ ధారాళంగా వస్తుంది. ‘మీను + ఎర’ అనుకోవడానికి అడ్డేమీ లేదు.

ఇంకో సంగతి. మీ మనవరాలు ఒడియా బడిలో చదువుతుంటే గాలాన్ని ‘బనిశి’ అంటుంది, గమనించండి. సంస్కృత నిఘంటువు అమరకోశంలో ‘బడిశం మత్స్యవేధనమ్’ అని ఉన్న మాటే అది. మనం గ్రంథాల్లో దాచుకున్నది వాళ్లు రేవులో వాడుతున్నారు.

గుణుపురం మాస్టారు:
మూడో పాదాన్ని మీరే తెచ్చారు, మంచిది. ఆటవెలదిలో యతి, అంటే పాదం మొదటి అక్షరంతో కుదరాల్సిన అక్షరం, నాలుగో గణం మొదట. మూడో పాదంలో ‘ఆశ’లోని ఆ-కు ‘నాలాగు’లో కుదిరేది ఏది? ఆలాగులోని ఆ. అంటే అక్కడి నకారాన్ని కవి లెక్కలోకి తీసుకోలేదు. అదే లెక్క మొదటి పాదానికి వెయ్యండి. ‘ఎర’ అయితే ‘నీ’కి ‘ఎ’తో యతి పెట్టాలి, అది చెల్లదు. ‘నెఱ’ అయితే నీ-నె హాయిగా కుదురుతుంది. ఒకే పద్యంలో ఒక ‘న’ అతుకు, ఒక ‘న’ అసలు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

బరంపురం నుంచి:
చెవికి నీ, నె వినబడితే చాలదా? వేమన గంటం పట్టుకుని యతులు లెక్కపెట్టాడా? ఈ పద్యాలు జనం నోట నడిచి, బ్రౌన్ 1829లో అచ్చు వేయించే నాటికే ఎన్నో పాఠభేదాలతో ఉన్నాయి.

కాశీనగర్ కుర్రాడు:
మా బామ్మ దాన్ని ‘నా లాగు’ అని విడగొట్టి చదివేది, ‘నాలాగే చెడిపోతాడు’ అని అర్థం చెప్పేది. వేమన తన గురించి తాను చెప్పుకున్నాడని ఆవిడ నమ్మకం. నాకూ అదే బాగుంటుంది. భోగాలన్నీ చూసి వదిలేశాడని వేమన గురించి చెప్పే కథలకి సరిగ్గా సరిపోతుంది.

గుణుపురం మాస్టారు:
బాబూ, భావం బాగుంది. కానీ ‘నా’ అసలు నకారం అయితే ‘ఆశ’తో యతి పోతుంది. బామ్మగారి అర్థాన్ని దాచుకో, పాఠంగా మాత్రం పెట్టకు.

సిరొంచ వాసి:
ప్రాణహిత గోదావరిలో కలిసే ఊరు మాది. మీరంతా ‘న’ పట్టుకున్నారు, నాకు ‘మీను’ ముద్దు. తెలుగు ఇళ్లలో ఒట్టి మీను పోయి చేపే మిగిలింది. మా చుట్టూ గోండులు మాత్రం ఇప్పటికీ మీన్ అనే అంటారు.

ఇక భావం వేమనకు ముందు నుంచీ ఉన్నదే. భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత తన ఇరవై నలుగురు గురువుల్లో చేపనీ చెప్పాడు. నాలుకకు లొంగి గాలానికి చిక్కుతుందని. పోతన చేతిలో అది ఎలా ఉంటుందో చూడండి.

గుణుపురం మాస్టారు:
ఏకాదశ స్కంధం పోతనది కాదండీ, వెలిగందల నారయది. పోతన చేప కావాలంటే అష్టమ స్కంధానికి వెళ్లండి. కృతమాల నదిలో సత్యవ్రతుడి దోసిట్లో పడిన చేపపిల్ల, పెద్ద చేపలు తినేస్తాయి, నన్ను మళ్లీ నీళ్లలో వదలకు అంటుంది. పిల్లలకి చెప్పాల్సిన చేప అది. అక్కడ ఆశ లేదు, భయం ఉంది. ఆ కథ చెప్పినప్పుడల్లా నాకు గొంతు పట్టుకుంటుంది.

పర్లాకిమిడి తాత:
మూడో పాదం దొరికింది, సంతోషం. మత్స్యావతారం నిన్న రాత్రే చెప్పాను. “దాన్ని రాజు ఇంటికి తీసుకెళ్లాడు కదా, మనమూ తీసుకెళ్దాం” అని చిన్న పరిగెని బిందెలో వేయించింది. ఆశ, ఆకలి సంగతి మాత్రం ఇంకా అడుగుతోంది.

కాశీనగర్ కుర్రాడు:
ఆశ అంటే తినడం కూడా కదా తాతగారూ, ప్రాతరాశం అంటాం. అప్పుడు పిల్ల అన్నదే ఒప్పు.

బరంపురం నుంచి:
ఆ ఆశ అశ్ ధాతువు నుంచి వచ్చింది, ‘ఆశించు’ అక్కడి నుంచి రాలేదు. అంత సులువుగా కలపకూడదు. అయినా పిల్ల తర్కం నాకు నచ్చింది.

రాయగడ అమ్మమ్మ:
అన్నయ్యగారూ, తొలకరికి ముందే పిల్లని చెరువుకి కూడా తీసుకెళ్లండి. వానలు పడ్డాక కొరమీను ఎర్రటి పిల్లల గుంపుని వెంటేసుకుని తిరుగుతుంది. పిల్లలు ఊపిరికి పైకి వస్తుంటే నీళ్ల మీద ఎర్రటి మచ్చ కదిలినట్టుంటుంది. కింద పెద్ద చేప కాపలా. అప్పుడు అక్కడ గేలం వేయకూడదని మా నాన్న గట్టిగా చెప్పేవారు. దాన్ని పట్టేస్తే పిల్లలన్నీ వేరే చేపల పాలే.

సిరొంచ వారు మీను పోయిందన్నారు, మరి కొరమీనులో ఉంది కదండీ! మా సంతకి వచ్చే కువి భాష వాళ్లూ మీను అనే అంటారు. ఆ ముందున్న ‘కొర’ ఏమిటో మాస్టారు చెప్పాలి. కొర్రకంకికీ దీనికీ ఏమైనా ఉందా?

గుణుపురం మాస్టారు:
కొర గురించి రేపు రాస్తాను, నా దగ్గర ఒక ఊహ ఉంది. ముందు బరంపురం వారు నీ-నె యతికి జవాబు చెప్పాలి.