పంటి గాట్లను బట్టి నేరస్థుణ్ణి గుర్తుపట్టడం ఎంతవరకు నమ్మొచ్చు?

బీడీఎస్ విద్యార్థి: నిర్భయ కేసులో పంటి గాట్లను కూడా సాక్ష్యంగా తీసుకున్నారు కదా. అమెరికాలో మాత్రం దీన్ని నమ్మొద్దంటున్నారట. నాకు ఫోరెన్సిక్ వైపు వెళ్లాలని ఉంది, ఇది చదివాక టెన్షన్ పట్టుకుంది. తెలిసినవాళ్లు చెప్పండి.

క్రిమినల్ లాయర్: ముందు రే క్రోన్ కేసు చదవండి. 1991లో అమెరికాలోని ఫీనిక్స్‌లో ఒక బార్‌లో హత్య జరిగింది, శవం మీది గాటు ఇతని వంకర పళ్లకు సరిపోయిందని నిపుణుడు చెబితే ప్రధానంగా ఆ మాట మీదే మరణశిక్ష వేశారు, 1996లో మళ్లీ విచారించినా దోషే అన్నారు, చివరికి 2002లో డీఎన్ఏ వేరేవాడిదని తేలాక గానీ వదల్లేదు. పదేళ్లు జైల్లో! తల్చుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

పళ్ల డాక్టర్: చిక్కంతా చర్మంతోనే. మైనం మీద పడ్డట్టు దాని మీద అచ్చు నిలవదు, సాగుతుంది, వాస్తుంది, రోజులు గడిచేకొద్దీ ఆకారమే మారిపోతుంది. అసలు అది మనిషి కాటేనా అన్నదాని మీదే నిపుణులకు ఏకాభిప్రాయం కుదరడం లేదని 2016లో అమెరికా అధ్యక్షుడి సైన్స్ సలహా మండలి తేల్చింది.

బీడీఎస్ విద్యార్థి: మరి నిర్భయ కేసు?

పళ్ల డాక్టర్: అక్కడ డీఎన్ఏ ఉంది, ఆమె మరణ వాంగ్మూలం ఉంది. గాటు ఒక్కటే కాదు. గాటు దగ్గర లాలాజలం దొరికితే డీఎన్ఏ కోసం ముందు దాన్నే సేకరించాలి. ఇక పాత పళ్ల ఎక్స్‌రేలతో శవాల్ని గుర్తించడం వేరే సంగతి, అది గట్టి పని, ధైర్యంగా నేర్చుకోండి.