వైద్యం అయిపోయింది, నిద్ర మాత్రం లేదు – అత్తకీ, కోడలికీ

రాజాం_ఆశా:
రాజాం దగ్గర పల్లెలో ఒకావిడ, 48 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ విశాఖలో అయిపోయాయి. ఆర్నెల్లుగా, క్యాన్సర్ మళ్లీ రాకుండా ఇచ్చే టామాక్సిఫెన్ మాత్ర 20 మి.గ్రా. వేసుకుంటోంది. రాత్రి రెండు మూడుసార్లు ఆవిర్లొచ్చి జాకెట్టు తడిసి లేస్తోంది. చెకప్ దగ్గర పడితే అన్నం ముట్టదు. చూసుకునే కోడలికి తలపోటు, చిరాకు, ఆమెకీ నిద్ర లేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ అత్తకి గాబరా తగ్గి నిద్ర పట్టడానికని ఆల్ప్రాజోలామ్ మొదలెట్టి నెల దాటింది. ముందు ఏటి చెయ్యాలి?

చీపురుపల్లి_స్టాఫ్‌నర్స్:
చెల్లెమ్మా, ఆవిర్లు చాలావరకు టామాక్సిఫెన్ వల్లే అయ్యుంటాయి. అలాగని దాన్ని మాననివ్వకండి. 5 నుంచి 10 ఏళ్లు వాడే మందు అది, చాలామంది ఈ బాధకే చెప్పాపెట్టకుండా ఆపేస్తారు.

దిగులుకి మందు రాయించేటప్పుడు మరీ జాగ్రత్త. టామాక్సిఫెన్ కాలేయంలో సీవైపీ2డీ6 అనే ఎంజైమ్ వల్ల ఎండాక్సిఫెన్‌గా మారితేనే గట్టిగా పనిచేస్తుంది. దిగులుకి రాసే పెరాక్సెటిన్, ఫ్లూఆక్సెటిన్ ఆ ఎంజైమ్‌కే అడ్డుపడతాయి. దిగులుకే వాడే వెన్లాఫాక్సిన్‌తో ఆ అడ్డు చాలా తక్కువ, ఆవిర్లు కూడా తగ్గుతాయి. ఏది రాయాలో డాక్టరు తేలుస్తారు. మీ పని టామాక్సిఫెన్ అట్ట ఆవిడ చేతికిచ్చి పంపడం. క్యాన్సర్ కాగితాలు ఇంట్లో ఉండిపోయి వేరే డాక్టరు దగ్గరికెళ్తేనే పొరపాటు జరుగుతుంది.

ఆల్ప్రాజోలామ్ నెల దాటింది కాబట్టి ఒక్కసారి ఆపొద్దు, గాబరా, నిద్రలేమి ముందుకంటే ఎక్కువగా తిరగబెడతాయి. డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించాలి.

బొబ్బిలి_కౌన్సెలర్:
ఇద్దరినీ విడివిడిగా అడగండి: ఈ వారమంతా మనసు ఎంత కలతగా ఉంది, 0 నుంచి 10లో ఒక అంకె చెప్పు అని. 4, ఆపైన అయితే డాక్టరుకో కౌన్సెలర్‌కో చూపించాలి. ఒకరి ఎదుట ఒకరిని అడిగితే ఇద్దరూ "బాగానే ఉన్నాను" అనేస్తారు. చచ్చిపోవాలనిపిస్తోందన్న మాట వస్తే మాత్రం అంకెతో పని లేదు, ఆ రోజే తీసుకెళ్లండి. మనసు బాధలకి ప్రభుత్వ ఫోన్ సాయం టెలీ మానస్ 14416 ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

నాకు ఎక్కువ బెంగ కోడలి గురించే, ఆమె పేరు ఏ ఓపీ చీటీ మీదా ఉండదు కదా. ఒక కాగితం మీద వారం పనులన్నీ రాయించండి: మాత్రలు, చేతి వ్యాయామం, వంట, పశువుల పని, ఆసుపత్రి ప్రయాణం, పరామర్శకొచ్చినవాళ్లకి టీ. ఒక్కో పని పక్కన చేసేవాళ్ల పేరు. అన్నిటికీ కోడలి పేరే పడుతుంది. ఆ కాగితం కొడుకు చేతికివ్వండి. రెండు పనులు ఆయన తీసుకున్నా ఆమెకి ఊపిరాడుతుంది. పరామర్శలకి సాయంత్రం ఒక గంట పెట్టుకోమనండి, "ఫలానా ఆవిడకి మళ్లీ వచ్చిందట" అనేవాళ్లని గుమ్మంలోనే ఆపాలి.

అత్తకి నీరసమని మంచానికే పరిమితం చెయ్యకండి. పడుకున్నకొద్దీ నీరసం పెరుగుతుంది. వారానికి మూడుసార్లు, 30 నిమిషాలు, మాట్లాడుతూ నడవగలిగే వేగం చాలు.

అమెరికాలో స్పానిష్ మాట్లాడే లాటినా స్త్రీల కోసం నువెవో అమనెసెర్ అనే కార్యక్రమం నడిపారు. రొమ్ము క్యాన్సర్ దాటినవాళ్లకే శిక్షణిచ్చి, వాళ్లచేత 8 వారాలు ఒత్తిడి తగ్గించుకునే పద్ధతులు నేర్పించారు. మీ డ్వాక్రా సంఘాల్లో అలా దాటొచ్చిన మనిషి ఉంటే వారానికోసారి అత్త పక్కన కూర్చోబెట్టండి.

ఆమదాలవలస_రిజర్వేషన్:
చెకప్ గాబరాలో ఖర్చు భయం కూడా ఉంటుంది. ఆసుపత్రి డాక్టరు రైల్వే ఫారంలో సర్టిఫికెట్ ఇస్తే స్లీపర్, థర్డ్ ఏసీల్లో రోగికి టికెట్ ఉచితం, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం రాయితీ. విశాఖ దగ్గర అగనంపూడి క్యాన్సర్ ఆసుపత్రికైతే దువ్వాడలో ఆగే బండి చూసుకోండి.

రాజాం_ఆశా:
మరి చెకప్ ముందు తిండి మానేయడం?

చీపురుపల్లి_స్టాఫ్‌నర్స్:
అక్కడ ఏం చేస్తారో ముందే చెప్పండి. మొదటి 3 ఏళ్లు 3 నుంచి 6 నెలలకోసారి డాక్టరు చేత్తో చూస్తారు, మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) ఏడాదికోసారి. లక్షణాలేవీ లేకపోతే ప్రతిసారీ పెద్ద స్కాన్ ఉండదు, చాలామంది భయమంతా దాని గురించే. అయితే కొత్త గడ్డ, తగ్గని ఎముకల నొప్పి, ఆయాసం, ఒక కాలి పిక్క వాచి నొప్పి, ముట్లు ఆగాక మళ్లీ రక్తం కనిపించడం – వీటిలో ఏదున్నా చెకప్ తేదీ దాకా ఆగొద్దు.