డిగ్రీ ఫస్టియర్ కెమిస్ట్రీ ఎట్ల చదవాలె, జర చెప్పుండ్రి

అన్నలు, అక్కలు, నేను హన్మకొండల బీఎస్సీ ఫస్టియర్, ఇంటర్ తెలుగు మీడియం, ఇక్కడేమో అంతా ఇంగ్లిష్‌లనే చెప్తున్నరు. 18 గ్రాముల నీళ్లంటే ఒక మోల్ అని టక్కున చెప్త గాని లిమిటింగ్ రీఏజెంట్ లెక్క వచ్చిందంటే ఏది ముందు అయిపోతదో తేల్చుకునేసరికే టైమైపోతది. మాలిక్యులర్ ఆర్బిటాల్ (అణువుల ఎలక్ట్రాన్లు ఎట్ల సర్దుకుంటయో చెప్పే పాఠం) ఇంకా ఘోరం, ఆక్సిజన్‌కు బాండ్ ఆర్డర్ (రెండు పరమాణువుల నడుమ ఎన్ని బంధాలనే లెక్క) 2 సరే, మరి రెండు ఎలక్ట్రాన్లు జత లేకుండ ఎందుకు మిగులుతయి, నైట్రోజన్‌ల ఎందుకు మిగలవు? సార్‌ను అడిగితే మళ్ల అదే బొమ్మ గీస్తడు. ల్యాబ్ మాత్రం మస్తుంటది, టైట్రేషన్‌ల (చుక్కచుక్క పోసి ద్రావణం గాఢత కనుక్కునుడు) ఆ లేత గులాబీ రంగు కాడ ఆపుడు నాకు మంచిగొస్తది. జమ్మికుంట నుంచి ట్రైన్‌ల వచ్చిపోత, ట్యూషన్‌కు పైసల్లేవు. ముందు ఇంటర్ బుక్ తిరగేయాల్నా, డైరెక్ట్ సిలబస్ పట్టుకోవాల్నా? తెలుగుల చెప్పే వీడియోలు, సీనియర్ల నోట్స్ ఏమన్న ఉంటే చెప్పుండ్రి, ఇంటర్నల్స్ దగ్గరపడ్డయి.