పుట్టబోయే బిడ్డకు కావలసిన వస్తువులు ఇంట్లో ఎంతవరకు తయారు చేసుకోవచ్చు?

ప్రశ్న (మిర్యాలగూడ నుంచి)

అందరికీ నమస్కారం. నాకిప్పుడు ఆరవ నెల నడుస్తున్నది, శ్రావణంలో కాన్పు అవుతుందని చెప్పారు. మావారు రైసుమిల్లులో పని చేస్తారు. నెలకు పదహారు వేలు వస్తే అందులో నాలుగు వేలు ఇంటి కిరాయికే పోతుంది. మొన్న మందుల షాపులో డైపర్ల ధర అడిగితే ఒక్కొక్కటి పది రూపాయల దాకా పడుతుందన్నారు. రోజుకు పది మార్చవలసి వస్తే నెలకు మూడు వేలు వాటికే అవుతుందని అక్కడే నిలబడి లెక్క వేసుకొని, ఏమీ కొనకుండా తిరిగి వచ్చాను.

మా అక్కకు 2018లో సర్కారు దవాఖానాలో కాన్పు అయినప్పుడు కేసీఆర్ కిట్టు ఇచ్చారు. ఆడపిల్ల పుట్టినందున విడతలవారీగా 13,000 రూపాయలు కూడా వచ్చాయి. కిట్టులోని సబ్బు, నూనె, దోమతెర బాగానే అక్కరకు వచ్చాయి గాని, రోజూ మార్చే బట్టల ఖర్చు మాత్రం ఆమెకు తప్పలేదు. అందుకే నేను ముందే సిద్ధపడాలనుకుంటున్నాను.

మా అమ్మమ్మవి నారాయణపేట నూలు చీరలు ఆరు సందుగలో ఉన్నాయి. డాంబరు గోళీలు వేసి ఏళ్ళుగా భద్రంగా దాచినవి కనుక ఎక్కడా పురుగు పట్టలేదు, ముట్టుకుంటే వెన్నలాగా ఉన్నాయి. వాటిని లంగోటలుగా కత్తిరించాలని ఉన్నది. మా ఇంట్లో కుట్టు మిషను ఉన్నది గాని కొలతలు తెలియవు. ఇవి కాక, తుడవడానికి తడిగుడ్డలు, మక్కపిండితో పౌడరు, ఆముదం దీపంతో కాటుక, తల గుండ్రంగా రావడానికి ఆవాల దిండు, ఆరు నెలల తరువాత ఉగ్గుపిండి, ఇవన్నీ ఇంట్లోనే చేసుకోవచ్చని మా అత్తమ్మ అంటున్నది. ఆవాలు రెండు కిలోలు తెప్పించింది కూడా. వీటిలో ఏవి చేసుకోవచ్చో, ఏవి వద్దో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.


మొదటి జవాబు (నారాయణపేట నుంచి, కుట్టుపని చేసే ఒక అక్క)

చెల్లీ, మా ఊరి చీరలు నీ బిడ్డ ఒంటికి చేరబోతున్నాయంటే సంతోషంగా ఉన్నది. నాకు తెలిసిన పని చెబుతాను, మిగిలినవి తెలిసినవారు చెబుతారు.

ముందు చీరను ఉతికి ఆరవేసిన తరువాతనే కత్తెర పట్టుకోవాలి. పాత నూలు ఇంకా ఏం కుదించుకుంటుందిలే అనుకుంటాము గాని, వేడినీళ్ళు తగలని చీర మొదటిసారి తగిలినప్పుడు ఎంతో కొంత దగ్గరపడుతుంది. రెండు వైపుల అంచులను, కొంగును విప్పి తీసెయ్యి. నారాయణపేట అంచు గట్టిగా నేస్తారు కనుక అది తొడల దగ్గర ఒరుసుకొని బిడ్డకు ఎర్రబడుతుంది. అంచులు పోగా నడిమి బట్ట వెడల్పు నలభై రెండు అంగుళాలు మిగిలితే, దాన్ని నిలువునా రెండుగా చేసి ఇరవై ఒక్క అంగుళాల చదరాలు కొయ్యి. ఒక చీరకు పదహారు ముక్కలు వస్తాయి. చుట్టూ సన్నగా మడిచి కుడితే ఇరవై అంగుళాలు నిలుస్తుంది. దాన్ని మూలకు మూల కలిపి ముక్కోణంగా మడిస్తే అప్పుడే పుట్టిన బిడ్డ నడుముకు చుట్టి ముడి వెయ్యడానికి చాలినంత ఉంటుంది. పిన్నులు వద్దు, రెండు కొసలకూ మెత్తని నాడా ముక్కలు కుట్టుకో. పుట్టిన బిడ్డకు రోజుకు పది పన్నెండు సార్లు మార్చవలసి వస్తుంది, శ్రావణంలో ముసురు పడితే రెండో రోజుకు గాని ఆరవు. కాబట్టి ముప్పైకి తక్కువ కాకుండా చూసుకో. లోపల పెట్టే మందపాటి పట్టీలకు పాత బనియన్లు మంచివి. అయిదు అంగుళాల వెడల్పు, పన్నెండు అంగుళాల పొడవున నాలుగు పొరలు వేసి, అంచు వెంట ఒక్క కుట్టు వేస్తే చాలు. నాలుగు పొరలకు మించితే నడిమి పొర ఆరకుండా వాసన పడుతుంది.

ఒక సంగతి మాత్రం మరచిపోవద్దు. కుట్టిన ప్రతి ముక్కను తిరగేసి, అంచు వెంట వేలు నడిపి, వేలాడే దారాన్ని మొదలంటా కత్తిరించు. మా పెద్దవాడు రెండు నెలల పిల్లవాడిగా ఉన్నప్పుడు ఒక సాయంత్రం గుక్క తిప్పుకోకుండా ఏడ్చాడు. పాలిచ్చాము, ఎత్తుకు తిప్పాము, కడుపునొప్పేమోనని బోర్లా వేసుకొని వీపు రాశాము. చివరికి మా తోటికోడలు కాలి మేజోడు విప్పి చూస్తే, నేనే కుట్టిన ఆ మేజోడు లోపలి దారం చిటికెన వేలికి రెండు చుట్లు చుట్టుకొని, వేలు రేగుపండులాగా ఉబ్బి ఉన్నది. కత్తెర కొస దూరదు, గోటికి దొరకదు. దీపం దగ్గరికి తీసుకుపోయి సూదితో పైకి లేపి తెంపేసరికి నా చేతులు వణికాయి. ఇరవై ఏళ్ళుగా ఊరందరి బట్టలూ కుడుతున్నదాన్ని, నా బిడ్డ మేజోడు తిరగేసి చూసుకోలేదు.

బొంత సంగతి నీకు చెప్పనక్కరలేదనుకుంటాను. నాలుగు చీరల పొరలతో దగ్గర కుట్టు వేసుకో, దూది నింపవద్దు. బొంత కింద రబ్బరు షీటు పరచుకో.


రెండవ జవాబు (అచ్చంపేట నుంచి, ఏఎన్ఎంగా పని చేసి రిటైరైన అమ్మ)

బిడ్డా, పైన అక్క చెప్పిన కొలతలు బాగున్నాయి. అయితే నీ ప్రశ్నలో ఒక మాట దగ్గర ఆమె ఆగలేదు, నేను ఆగిపోయాను. ఆ చీరలు డాంబరు గోళీల నడుమ ఉన్నవి అన్నావు. వాటిని పసిగుడ్డుకు చుట్టవద్దు.

అవి నాఫ్తలీన్ గోళీలు. ఆ మందు ఆవిరై బట్టలో నిలుస్తుంది. శ్వాస ద్వారానే కాక పసిపిల్లల పలుచని చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది, ఒంటికి నూనె రాసి ఉంటే ఇంకా సులువుగా పోతుంది. జీ6పీడీ అనే ఎంజైము తక్కువగా ఉండే పిల్లలు కొందరు పుడతారు. అది తల్లి వైపు నుంచి వస్తుంది, మగపిల్లల్లో ఎక్కువగా బయటపడుతుంది, చూడడానికి బిడ్డ అందరిలాగే ఉంటాడు. అటువంటి బిడ్డకు ఈ వాసన తగిలితే ఎర్రరక్తకణాలు చితికిపోయి కామెర్లు ముదురుతాయి, ముదిరిన కామెర్లు మెదడుకు ఎక్కుతాయి. మన ఇళ్ళలో తాతల నాటి పట్టుగుడ్డనో, మేనత్త దాచిన శాలువానో సందుగలో నుంచి నేరుగా తీసి బిడ్డకు కప్పడం మర్యాదగా జరిగే పని. అందువల్ల ఎవరికీ అనుమానం రాదు.

కనుక ఇప్పుడే ఆ ఆరు చీరలను బయటకు తీసి, ఈ వైశాఖపు ఎండలో రోజుల తరబడి ఆరవేసి, మధ్యమధ్య ఉతుకుతూ ఉండు. వాసన పూర్తిగా పోయినా వాటిని నీ చీరలుగానే కట్టుకో. లంగోటలకు మీ అమ్మ, మీ అత్తమ్మ రోజూ కట్టి ఉతికిన నూలు చీరలు తీసుకో. అవి వెన్నలాగా లేకపోయినా పరవాలేదు. కుట్టినవి దాచేటప్పుడు గోళీలకు బదులు ఎండిన వేపాకును బట్టలో మూటకట్టి పెట్టు.

తడిగుడ్డలు చేసుకోవచ్చు గాని ముందుగా తడిపి డబ్బాలో నిలవ ఉంచవద్దు. అంగడిలో దొరికేవాటిలో బూజు పట్టకుండా మందు కలుపుతారు, మన ఇంటివాటిలో అది ఉండదు కనుక రెండో రోజుకే చెడుతాయి. జానెడు చదరాలు పొడిగానే మడిచి పెట్టుకొని, కాచి చల్లార్చిన నీళ్ళలో అప్పటికప్పుడు ముంచి తుడవడం మంచిది.

పౌడరు ఏదైనా వద్దు, ఇంట్లో చేసినా కొన్నా ఆ పొడి గాలిలో లేచి బిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఎర్రబడకుండా ఉండాలంటే తడిసిన వెంటనే మార్చి, రోజుకు కాసేపు ఏమీ చుట్టకుండా వదిలెయ్యి. అప్పటికీ ఎర్రబడితే జింకు ఆక్సైడు ఉన్న మలాము పలుచగా రాస్తే సరిపోతుంది. బొడ్డు మీద ఆముదం, పసుపు, బూడిద, ఏదీ పెట్టవద్దు. దాన్ని పొడిగా వదిలి, లంగోటను బొడ్డు కిందికి మడిచి కట్టు, తనంత తానే రాలిపోతుంది. ఒంటికి కొబ్బరినూనె మంచిది, ముక్కులో చెవిలో మాత్రం చుక్క కూడా వెయ్యవద్దు. సున్నిపిండి గరుకు, లేత చర్మం గీరుకుపోతుంది. ఒళ్ళు గట్టిపడే దాకా దాని జోలికి పోకు.

కాటుక దగ్గర మీ అత్తమ్మతో తగవు పడవద్దు, దీపం పట్టి కాటుక చెయ్యనివ్వు. కంట్లో పెట్టే వేలితోనే పుసులు వచ్చే రోగమూ పోతుంది కనుక కంటికి మాత్రం వద్దని, దిష్టి చుక్క అరికాలికి పెడదామని చెప్పు. నా ఉద్యోగకాలంలో నూటికి తొంభై మంది అత్తలు ఆ మాటకు ఒప్పుకున్నారు, మిగిలిన పదిమంది నేను గడప దాటగానే పెట్టారు.

ఆవాల దిండు మాత్రం ఖండితంగా వద్దు. ఏడాది నిండేదాకా బిడ్డకు ఏ దిండూ ఉండకూడదు, గట్టిగా చదునుగా ఉన్న పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. మెత్తనిదాంట్లో ముఖం ఒత్తుకుపోతే తిప్పుకునే బలం వాళ్ళకు ఉండదు. తల ఒకవైపు అణగకుండా ఉండాలంటే పడుకోబెట్టిన ప్రతిసారీ ముఖం ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు తిప్పు, మెలకువగా ఉన్నప్పుడు నీ కళ్ళెదుట కాసేపు బోర్లా వెయ్యి.

తిండి విషయానికి వస్తే, మొదటి ఆరు నెలలు నీ పాలే, చక్కెరనీళ్ళు గాని తేనె గాని నాకించవద్దు. తేనె ఏడాది దాటేదాకా పనికిరాదు. ఏడవ నెల నుంచి అంగన్‌వాడీలో నెలకు రెండున్నర కిలోల బాలామృతం ఇస్తారు, పేరు రాయించుకో. వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిపినదది. చాలామంది దాన్ని బర్రెలకు కలుపుతారు, అది చూస్తే నాకు కోపం వస్తుంది. ఇంటి ఉగ్గుకు రెండు పాళ్ళు బియ్యం, ఒక పాలు పెసరపప్పు కడిగి ఆరబెట్టి, దోరగా వేయించి, రవ్వగా పట్టించి, పదిహేను రోజులకు సరిపడా మాత్రమే చేసుకో. వండిన తరువాత చెంచాడు నెయ్యి వెయ్యి.


మూడవ జవాబు (మర్రిగూడ నుంచి, ఇద్దరు పిల్లల తండ్రి)

అమ్మగారు చెప్పినదానికి నీళ్ళ సంగతి ఒక్కటి కలపాలనిపించి రాస్తున్నాను, ఎందుకంటే మా వైపు అన్నిటికన్నా ముందు చూసుకోవలసింది అదే. చెల్లెమ్మా, ఉగ్గు వండే నీళ్ళు బోరువైతే వాటిని ఎంత కాచినా ఫ్లోరైడు పోదు, పైగా నీళ్ళు ఇగిరినకొద్దీ చిక్కబడుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావని లెక్క. మా మండలంలో ఆ లెక్కను ఎన్నో రెట్లు దాటిన బోర్లు తాగి కాళ్ళు వంకరపోయిన పెద్దలను చూస్తూ పెరిగిన వాళ్ళము మేము. పటిక, సున్నం వేసి ఫ్లోరైడు తీసే విధానానికి ప్రపంచమంతటా మన నల్గొండ జిల్లా పేరే పెట్టారు, అది గర్వపడవలసిన సంగతో కాదో నాకు ఇప్పటికీ తేలలేదు. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లా ద్వారా కృష్ణ నీళ్ళు వస్తున్నాయి కనుక బిడ్డ తిండికి, తాగడానికి అవే వేరుగా పట్టి ఉంచుకోండి.

బట్టలు ఉతకడంలోనూ బోరు నీళ్ళు ఇబ్బంది పెడతాయి. సబ్బు నురగ రాదు, తెల్లని మడ్డి బట్టలో నిలిచి, నాలుగు ఉతుకులకు లంగోట అట్టలాగా బిరుసెక్కుతుంది, తడి పీల్చదు. మా ఇంటావిడ బాలింతగా ఉన్నన్నాళ్ళు ఆ పని నాదే కాబట్టి ఇది చూసి తెలుసుకున్నాను. దొడ్డికి పోయినదాన్ని వెంటనే చల్లనీళ్ళతో జాడించి, తరువాత కుంకుడుకాయ రసం కలిపిన వేడినీళ్ళలో నానబెట్టి ఉతికేవాడిని. కుంకుడు నురగ గట్టినీళ్ళలో కూడా సబ్బులాగా విరగదు. చివరి జాడింపు మాత్రం నల్లా నీళ్ళతోనో, దొరికితే వాన నీళ్ళతోనో చెయ్యాలి. గంజి పెట్టకూడదు, మెత్తదనానికని అంగడిలో అమ్మే ద్రావణాలూ వద్దు, అవి పూతలాగా పట్టుకొని తడిని లోపలికి పోనివ్వవు. ముసురు రోజుల్లో సగం ఆరిన వాటిని ఇస్త్రీ పెట్టెతో పూర్తిగా ఆరగొట్టాను. కరెంటు బిల్లు కొంచెం పెరిగింది గాని డైపర్ల లెక్క ముందు అది ఏమీ కాదు. ఊరికి పోయేటప్పుడు, బస్సులో, మేము కూడా డైపర్లే వాడాము. నెలకు ఏడెనిమిదికి మించలేదు.


ప్రశ్న అడిగినవారి స్పందన

అక్కకు, అమ్మకు, అన్నకు ముగ్గురికీ నమస్కారాలు. డాంబరు గోళీల మాట చదివిన రోజే చీరలన్నీ మిద్దె మీద ఆరవేశాను. నాలుగు రోజులైనా మడతల్లో వాసన ఇంకా తెలుస్తూనే ఉన్నది. మా అత్తమ్మ రోజూ కట్టే నూలు చీరలు రెండు ఇచ్చింది. ఒకటి నడుమ చిరిగి ఉండడం వల్ల రెండింటికీ కలిపి ఇరవై తొమ్మిది ముక్కలే వచ్చాయి, పది కుట్టడం పూర్తయింది. దారాలు చూసే పని మావారికి అప్పగించాను, అద్దాలు పెట్టుకొని ఒక్కొక్కటి తిరగేసి చూస్తున్నారు, మూడింటిని తిరిగి నాకే ఇచ్చారు. మాకు నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, బిడ్డ కోసం మూత ఉన్న స్టీలు బిందె ఒకటి వేరుగా పెట్టాము.

కాటుక అరికాలికి పెట్టడానికి అత్తమ్మ ఒప్పుకున్నది గాని, దిండు విషయంలో రెండు రోజులు మాట్లాడలేదు. ఈ రోజు పొద్దున తానే ఆ రెండు కిలోల ఆవాలు చెరిగి పోపుల డబ్బా నింపి, మిగిలినవి మామిడికాయ తొక్కు పెట్టడానికి దంచుతున్నది.